నిర్మల లేపనం, రోజుకు మూడుసార్లు

మా వీధిలో ఒంటికి రాసుకోకుండా కేవలం తినడానికే వాడుతున్న పదార్థం ఒక్కటి కూడా మిగల్లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కీరదోసకాయలు కళ్లమీదికీ, నిమ్మచెక్కలు మోచేతులకూ, ఉల్లిరసం నెత్తికీ చేరిపోయాయి. కూరల దుకాణంలో టమాటాలు అడిగితే దుకాణదారు "వండుకోవడానికా, రాసుకోవడానికా?" అని అడిగి, రాసుకునేవాళ్లకు మంచివి ఏరి ఇస్తాడు. మిగిలినవి మాలాంటి తిండిపోతులు తెచ్చుకుంటున్నాం.

ఈ అభివృద్ధి అంతా మా వీధి ప్రకృతి జీవన సంఘం చలవ. సంఘం అధ్యక్షులు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ త్రాసునూ నమ్మలేదు. రిటైరయ్యాక ఏ ఆకునైనా నమ్ముతున్నారు.

మా చెల్లెలి కూతురు బేకరీలో పిండి కలుపుతుంది. ఆ పిల్ల పిసికిన పిండితో చేసిన బన్ను ఒకసారి గాలికి బల్లమీంచి ఎగిరిపోయిందంటే మీరు నమ్మరు. నమ్మకండి. నేను మాత్రం దాన్ని వెనక్కి పట్టుకొచ్చి తిన్నాను. మా బావగారి మోకాళ్లు పని మానేసి నాలుగేళ్లయింది కాబట్టి ఆ ఇల్లు ఆ పిల్ల రెండు చేతుల మీదే నడుస్తోంది.

బేకరీలో ట్రేలు కడిగే సబ్బు మార్చారు. పిల్ల వేళ్ల సందుల్లో నాలుగు ఎర్రటి పొక్కులు లేచాయి. నాలుగే. అంతటితో పోవలసినవి. కానీ వాళ్లమ్మ చూస్తుండగా గోక్కోవడం ఆ పిల్ల చేసిన పొరపాటు.

వెంటనే కలబంద పూశారు. పూసిన చేతులతో లోపలి గడియ తీయబోతే అది జారి జారి ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం దాకా బయటికి రాలేకపోయారు. మర్నాడు తేనె రాశారు. మూడు తేనెటీగలు బేకరీ దాకా వెంట వెళ్లి, సాయంత్రం తోడుగా ఇంటికి తీసుకొచ్చాయి. పక్కింటి టైలరుగారి భార్య ఉల్లిరసం చెప్పింది. ఎదురింటావిడ, ఉల్లి వేడి కాబట్టి బంకమట్టి అంది. రెండూ ఒకదానికొకటి పడవేమోనని మధ్యలో నిమ్మరసం వేశారు. నాలుగు పొక్కులు నలభై అయ్యాయి. "చూశావా అన్నయ్యా, లోపలున్నదంతా ఎలా బయటికి వస్తోందో! మందు పని చేస్తోంది" అని మా చెల్లెలు నాకు సంతోషంగా చూపించింది.

బేకరీ యజమానికి ఇంత వైద్యజ్ఞానం లేదు.

"అమ్మాయ్, నీ చేతి పనంటే నాకు గౌరవమే. కానీ నిన్న ఒకాయన క్రీమ్ బన్ను కొరికి, ఇందులో ఉల్లిపాయ ఎందుకేశారని అడిగాడు. పదిహేను రోజులు అట్టపెట్టెలు మడుచుకో. చేతులు బాగైతే పిండి దగ్గరికి రా. లేదంటే నేను వేరే మనిషిని చూసుకోవాలి" అన్నాడు.

దాంతో పిల్లను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చేతులు తిప్పి తిప్పి చూసి, "ఏమీ రాయకండి" అన్నాడు.

"ఏమీ అంటే?" అంది మా చెల్లెలు.

"ఏమీ అంటే ఏమీనే అమ్మా. ఆ సబ్బు ముట్టొద్దు. మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. రెండు వారాల్లో అదే పోతుంది."

మెట్లు దిగుతూ మా చెల్లెలు ఆగింది. "గంటసేపు కూర్చోబెట్టి చీటీ మీద ఒక్క ముక్క రాయలేదు. అసలు ఈయన చదువుకున్నాడంటావా?" అంది. ఇంటికి చేరేసరికి బంకమట్టి నానబెట్టి సిద్ధంగా ఉంది.

పిల్ల నన్ను వంటింటి వెనక్కి పిలిచింది. మోచేతుల దాకా మట్టి. "మామయ్యా, నన్నెవరూ ముట్టుకోకుండా ఉండటానికి ఏదైనా మందుందా?"

నేను ముప్ఫయ్యేళ్లు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చినవాణ్ణి. ఒక చిన్న గాజు సీసా కడిగి, ఆరబెట్టి, మూత పెట్టి, దానికి ఈ లేబులు అంటించాను:

"నిర్మల లేపనం. రసాయనాలు లేవు. రంగు లేదు. వాసన లేదు. రోజుకు మూడుసార్లు మంచినీళ్లతో చేతులు కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పలచగా రాసుకోవలెను. వాడుతున్నన్ని రోజులూ మరే పదార్థమూ తగలరాదు. తగిలినచో మొదటినుంచి ప్రారంభించవలెను."

మా అచ్చాఫీసులో పెళ్లిపత్రికల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా వేశాం. ఒక్క అబద్ధం కూడా లేకుండా వేసిన కాగితం ఇదొక్కటే.

మా చెల్లెలు లేబులు రెండుసార్లు చదివింది. మూత తీసి వాసన చూసింది. "నిజమే అన్నయ్యా, వాసనే లేదు!" అని, ఆ క్షణం నుంచి కూతురి చేతులకు కాపలా కూర్చుంది. టైలరుగారి భార్య ఉల్లిపాయతో వస్తే గుమ్మంలోనే ఆపి, "మొదటినుంచి మొదలెట్టాల్సి వస్తుంది వదినా" అని వెనక్కి పంపింది. డాక్టరు చెప్పినప్పుడు గాలికి పోయిన మాట సీసాకెక్కేసరికి శాసనమైంది.

పన్నెండో రోజుకి చేతులు నున్నబడ్డాయి. పద్నాలుగో రోజున సంఘం వారు, లేపనం కనిపెట్టినందుకు నాకు సన్మాన సభ పెట్టారు. మర్నాడు పొద్దున్నే బేకరీ యజమాని పిల్ల చేతులు చూస్తాడు.

సభలో అధ్యక్షులవారు సీసాను తమ పాత త్రాసులో తూచారు. మూత పెట్టి తూచారు, మూత తీసి తూచారు. తేడా సరిగ్గా మూతంత వచ్చింది.

"సోదర సోదరీమణులారా! నలభయ్యేళ్ల నా అనుభవంలో ఇంత తేలికైన మందు చూడలేదు. బరువంతా తీసేసి గుణం మాత్రమే మిగిల్చిన ఈ మహత్తర పరిశోధనకు చప్పట్లు కొట్టవలసిందిగా కోరుతున్నాను!"

కొట్టారు. ఆ తర్వాత సంఘం తరఫున గౌరవసూచకంగా పదకొండు ఆకులు నూరిన ముద్దను ఒక గిన్నెలో తెచ్చారు. దాన్ని ఆ పిల్ల చేతులకు అధ్యక్షులవారే స్వయంగా పూస్తారట. ముద్దలోంచి చిన్న బుడగలు లేస్తున్నాయి. ఇక దాచడం మంచిది కాదని లేచి, మైకు లాక్కున్నాను.

"అయ్యా, ఆగండి! ఆ సీసాలో ఏమీ లేదు. ఖాళీది. ఏమీ రాయకపోవడం వల్లే తగ్గింది!"

మరుక్షణం మొదటిదానికి రెట్టింపు చప్పట్లు.

"చూశారా నిరాడంబరత! ఇంత చేసి, ఏమీ లేదంటున్నారు!" అన్నారు అధ్యక్షులవారు, కళ్లు తుడుచుకుంటూ. వరసగా నలుగురు వచ్చి నాతో చేతులు కలిపారు. గిన్నె పిల్ల దగ్గరికి వెళ్లింది.

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సార్, ఒక్కసారి లేబులు చదువుతారా? మరే పదార్థమూ తగలరాదని ఉంది."

అధ్యక్షులవారు కళ్లజోడు పెట్టుకున్నారు. చదివారు. గిన్నె కింద పెట్టించారు.

"లేబులు మీద ఉంటే నేనెవర్నమ్మా కాదనడానికి!" అన్నారు గంభీరంగా. ఆ విధంగా నిజం చెప్పి నేను కాపాడలేని చేతులను, సీసాకంటించిన కాగితం కాపాడింది.

మర్నాడు యజమాని ఆ చేతులను పొయ్యి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, పాత సబ్బు మళ్లీ తెప్పిస్తానని చెప్పి, పిండి బల్ల దగ్గరికి పంపాడు. ఆ రోజు బన్నులు మళ్లీ ఎగిరాయి. ఈసారి మూడు.

సంఘం ఊరుకోలేదు. అంత గొప్ప లేపనంలో లోటుగా ఉన్నదేమిటా అని ఉపసంఘం వేసి, ఆలోచించి, ఆ పదకొండు ఆకుల ముద్దను సీసాల్లో నింపి, నా లేబులే అంటించి ఇంటింటికీ పంచింది. ప్రస్తుతం మా వీధిలో అందరూ గోక్కుంటున్నారు. మందు పని చేస్తోందని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. మూలపురుషుణ్ణి కాబట్టి నాకు పెద్ద సీసా ఇచ్చారు. కాదంటే బాగుండదని మణికట్టుకు కాస్త రాసుకున్నాను.

అది చూసి మా మేనకోడలు తలకొట్టుకుంది. "నీక్కూడా చెప్పాలా మామయ్యా?" అంటూ బీరువాలోంచి మొదటి సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఇదిగో, అసలుది. పొదుపుగా వాడు."

నవ్వుకున్నాను. అయినా లేబులు మీదున్న ప్రకారం మూడు పూటలా కడిగి, అద్ది, పలచగా రాసుకుని, మూత బిగించాను. నాలుగో రోజుకి దురద పోయింది. తిరిగి ఇచ్చేముందు సీసాను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాను, ఎంత వాడేశానో అని.

పెద్దగా తరగలేదు. మీక్కూడా సరిపోతుంది.