ఎర్రంచు కట్టు

ఆ రోజుకు చౌడయ్య అనుకున్నది చాలా మామూలు పని. పొద్దున్నే కంకిపాడులో పడవెక్కాలి, బెజవాడలో దిగాలి, నర్సు పని నేర్పే స్కూళ్ళు రెండూ చూడాలి, ఒకటి ఖాయం చేయాలి, సాయంకాలం పడవలో తిరిగొచ్చి మగ్గం ముందు కూర్చోవాలి. యుద్ధం రోజులు. ఆసుపత్రుల్లో మనుషులు చాలక, ఎనిమిదో తరగతి చదివిన ఆడపిల్లల్ని పిలిచి మరీ పని నేర్పిస్తున్నారని కూతురు సుబ్బరత్నం ఎక్కడో విని వచ్చింది. అప్పటినుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. "ఈ ఏడు చేర్చకపోతే పై ఏటికి పెళ్ళి చేసేస్తారు. ఇంక నేను నర్సునయ్యేదెప్పుడు?" అని తల్లి దగ్గర ఏడ్చింది. కూతురు ఏడిస్తే చౌడయ్యకు ఆ పూట అన్నం సయించదు.

ఏది మంచో ఏది చెడో తేల్చడానికి చౌడయ్యకు తెలిసిన పద్ధతి ఒక్కటే. బట్ట పట్టుకుని చూడటం. పెద్దకూతురికి సంబంధం చూడబోయినప్పుడు అందరూ పెళ్ళికొడుకు మొహం చూస్తుంటే, ఈయన అతని కండువా కొస రెండు వేళ్ళ మధ్య నలిపి, "కుర్రాడు బుద్ధిమంతుడు" అని తేల్చేశాడు. ఖర్మకాలి ఆ అల్లుడు నిజంగానే బుద్ధిమంతుడయ్యాడు. దాంతో ఆ పద్ధతికి తిరుగులేకుండా పోయింది.

కాలువ మీద మంచు ఇంకా విడలేదు. గట్టు మీద జక్కయ్య తాడు భుజాన వేసుకుని పడవను ఎదురునీటికి లాగుతున్నాడు. మంచులో మనిషి కనపడటం లేదు, పడవ తనంతట తానే బెజవాడ పోతున్నట్టుంది. సుబ్బరత్నం అంచున కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. చిన్నప్పుడు గుణదల తిరనాళ్ళలో ఆమె కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే, తెల్లచీర కట్టుకున్న నర్సమ్మ ఒకావిడ ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఏవో కబుర్లు చెప్పి పెంకు తీసి కట్టు కట్టేసింది. కట్టేదాకా సుబ్బరత్నానికి నొప్పే తెలియలేదు. ఆ చేతులు ఇప్పటికీ కలలోకొస్తాయి. ఇప్పుడు నీళ్ళలో కూడా అవే కదులుతున్నాయి.

"మెలకువగానే ఉన్నావా అమ్మడూ?" అన్నాడు చౌడయ్య.

"ఉన్నా నాన్నా."

"కళ్ళు తెరుచుకుని కలలు కంటావు. ఆసుపత్రిలో ఇట్టా కూచున్నావంటే రోగి లేచొచ్చి నీకే మందు పోస్తాడు."

ముందు గవర్నరుపేటలో డాక్టరు సంజీవరావుగారి స్కూలు చూశారు. అక్కడ నర్సుపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. డాక్టరుగారు తలెత్తకుండానే, "చేర్చుకుంటాం. గోడకి ఆనుకోవద్దు" అన్నారు. సుబ్బరత్నం ఉలిక్కిపడి గోడకు దూరంగా జరిగింది. చౌడయ్య మాత్రం గుమ్మానికి వేలాడే పరదా కొస నలిపి చూసి పరవశించిపోయాడు.

"సన్ననూలే అమ్మడూ! ఎంత నిండు నేత! స్కూలంటే ఇదీ."

"గుణదలలోది కూడా చూద్దాం నాన్నా. ఒక్కసారి."

గుణదల కొండ కింద ఆ ఆసుపత్రి చిన్నది. స్కూలు నడిపే అమలమ్మగారు ఎదురొచ్చి, "ఎండన పడొచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి" అంది. సుబ్బరత్నం ఆవిడ చేతులు చూసి గుర్తుపట్టింది. అవే చేతులు. జుట్టు మాత్రం నెరిసింది. ఇక వేరే స్కూలు చూడక్కర్లేదని ఆ క్షణంలోనే నిశ్చయించుకుంది.

సరిగ్గా అప్పుడే చౌడయ్య చెయ్యి బల్లమీదున్న కట్టుగుడ్డ మీద పడింది. నలిపాడు. అనుమానం తీరక వెలుగుకు ఎత్తి చూశాడు. గుడ్డలోంచి కొండ కనిపించింది, కొండమీద మేకలు కూడా కనిపించాయి.

"ఇది నేసిందెవరమ్మగారూ?"

"కట్టుగుడ్డండీ. అది..." అని అమలమ్మ చెప్పబోతుండగా లోపలినుంచి కాన్పు కేసని కేక వినిపించింది. ఆవిడ పరుగెత్తింది. ఆవిడ చెప్పలేకపోయిన ఆ నాలుగు ముక్కల వల్లే ఇంత కథ జరిగింది.

తిరుగు పడవలో చౌడయ్య తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "పాపం, మంచావిడే. ఎవరో మోసం చేసి ఆ జల్లెడ అంటగట్టారు. బట్టే చూసుకోలేని చోట నీకేం నేర్పుతారు? గవర్నరుపేటే ఖాయం."

సుబ్బరత్నం నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. కన్నీళ్ళు కాలవలో పడుతున్నాయి. అవి చూడనట్టు ఉండాలని చౌడయ్య ఉయ్యూరు వైపు మొహం తిప్పుకున్నాడు గానీ, ఎక్కువసేపు తిప్పుకోలేకపోయాడు.

"ఊరుకో. అక్కడ లోటల్లా బట్టేగా? అది నేను నేసిస్తాను. బట్ట బాగుపడితే స్కూలు బాగుపడినట్టే."

నూలు దొరకని కంట్రోలు రోజులవి. ఇంట్లో ఉన్న మంచి నూలల్లా భార్య వెంకటరావమ్మ తన చీరకని దాచింది. దాన్ని మగ్గానికెక్కించాడు. నిండుగా, నీళ్ళు పోస్తే నిలబడేలా నేశాడు. సన్నగా నేస్తే లోభితనమని కండువా వెడల్పున నేశాడు. పైగా ఎర్రంచు వేశాడు.

"గాయానికి అంచెందుకయ్యా?" అంది వెంకటరావమ్మ, చీర పోయిన దుఃఖంలో.

"అంచు లేని బట్ట నా మగ్గం మీద పుట్టదు" అన్నాడు చౌడయ్య.

నేసిన తాను గుణదలకు పట్టుకెళ్ళిన రోజున అమలమ్మగారు గుంటూరు వెళ్ళింది. కాంపౌండరు జాన్‌బాబు ఉన్నాడు. కట్టుగుడ్డలు అయిపోయి దిక్కులు చూస్తున్న జాన్‌బాబు ఆ తాను చూడగానే దేవుడే పంపాడని కళ్ళకద్దుకున్నాడు. కాసేపటికే కంకిపాడు రైతు హనుమయ్య, పార తగిలి చితికిన కాలి బొటనవేలితో వచ్చాడు. అంత వెడల్పు బట్ట అంత చిన్న వేలికి చుట్టేసరికి కాలు గుమ్మడికాయంత అయింది. హనుమయ్య ఆ కాలు ఎడ్లబండి ముందు చాపుకుని, ఎర్రంచు అందరికీ కనపడేలా ఊళ్ళోకి ఊరేగి వచ్చాడు.

జనానికి కట్టుకోను బట్టల్లేని రోజులు. గుణదలలో దెబ్బ తగిలినవాళ్ళకు ఎర్రంచు బట్ట ఇస్తున్నారన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాటినుంచి కంకిపాడులో అందరికీ దెబ్బలు తగలడం మొదలైంది. పడవనిండా జనం మూలుగుతూ ఎక్కారు, దిగేటప్పుడు మాత్రం తోసుకుంటూ పరుగెత్తారు.

ఆ పడవలోనే చౌడయ్య కూతుర్ని చేర్పించడానికి పెట్టె పట్టుకుని వచ్చాడు. ఆసుపత్రి వసారాలో అడుగుపెట్టే చోటు లేదు.

"నాకు మోచెయ్యి. భుజందాకా చుట్టు నాయనా" అంటున్నాడొకడు.

"మా ఆయనకి అంచున్న వైపు ఇచ్చావు, నాకు మధ్య ముక్కా?" అని హనుమయ్య పెళ్ళాం జాన్‌బాబు మీద విరుచుకుపడుతోంది. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆమెకే ఇంకా తేలలేదు.

గుంటూరునుంచి అప్పుడే వచ్చిన అమలమ్మ, పెళ్ళాం వెంట వచ్చిన హనుమయ్య కట్టు విప్పించి చూసింది. వేలు గాలాడక నానిపోయి తెల్లగా పాలిపోయింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఈ దుప్పటి ఎవరు తెచ్చారు?"

"నేనేనండీ" అన్నాడు చౌడయ్య ఛాతీ పొంగించి. "ఇంత నిండు నేత మీకు బెజవాడ మొత్తంలో దొరకదు."

"అయ్యా, గాయానికి గాలాడాలండీ! చీము బయటికి రావాలి. ఆ గుడ్డ పలచగా ఉండేది అందుకే. ఒక్కమాట అడగలేకపోయారా?" ఆవిడ వసారా కేసి చూసింది. "నిజంగా జబ్బుతో వచ్చినవాళ్ళని చూసే దారి లేకుండా చేశారు. మీ అమ్మాయిని ఇంకోచోట చేర్పించుకోండి. మీకో దణ్ణం."

చౌడయ్య పొంగు చప్పున దిగిపోయింది. కూతురి కల తన మగ్గం మీదే చినిగిపోయిందని అర్థమైంది. "అమ్మడూ..." అని వెనక్కి తిరిగాడు. పెట్టె ఉంది, పిల్ల లేదు.

సుబ్బరత్నం వసారా మెట్ల దగ్గర ఉంది. పడవ లాగే జక్కయ్య అక్కడ ఒక వారగా కూర్చున్నాడు. ఎవర్నీ ఏమీ అడగటం లేదు. తాడు ఒరుసుకుని భుజం పుండై, చొక్కా పీలిక దానికి అతుక్కుపోయింది. ఈ జనాన్నంతా లాక్కొచ్చింది ఆ భుజమే. సుబ్బరత్నం గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి ఆ పీలిక తడుపుతోంది.

"ఎదురునీటికి లాగేప్పుడు మంచులో దారెట్టా తెలుస్తుంది బాబాయ్?"

"కాళ్ళకి తెలుస్తదమ్మా. నేను సగం నిద్రలోనే నడుస్తా. ఆ నిద్దట్లో ఒకోసారి సముద్రం కనపడుద్ది..."

అతను సముద్రం గురించి చెబుతుండగానే పీలిక ఊడి వచ్చింది. జక్కయ్య చూసుకోలేదు. అమలమ్మ చూసింది. జనాన్ని తప్పించుకుని మెట్ల దగ్గరికొచ్చింది.

"ఇంతమందిలో ఇతనికే దెబ్బని నీకెట్టా తెలిసిందమ్మాయ్?"

"అంచు అడగలేదండీ" అంది సుబ్బరత్నం.

"ఆ ఒడుపు ఎవరు నేర్పారు?"

"మీరేనండీ. తిరనాళ్ళలో. గాజుపెంకు."

అమలమ్మకు అది గుర్తు లేదు. అలాంటి పాదాలు ఆవిడ ఒళ్ళో ఎన్ని పెట్టుకుందో. కానీ కళ్ళు మాత్రం చెమర్చాయి. "పెట్టె లోపల పెట్టించండి" అంది చౌడయ్యతో. "మీరింక ఒక్క పని చెయ్యాలి. పలచగా, అంచు లేకుండా నేసివ్వగలరా?"

కూతురి కోసం చౌడయ్య ఆ పనికీ ఒప్పుకున్నాడు. మగ్గం ముందు కూర్చుని కళ్ళు మూసుకుని నేశాడు. అయినా మొదటి తాను మరీ బాగుందని అమలమ్మ తిప్పి పంపింది.

హనుమయ్య వేలు త్వరలోనే మానింది గానీ, దాని కట్టు మాత్రం ఉతికించుకుని, గంజి పెట్టించుకుని ఆ ఏడు కంకిపాడులో పెళ్ళిచూపులన్నిటికీ కండువాగా వెళ్ళొచ్చింది.