కనబడుట లేదు: ఒక మహిషాసురుడు

"బావా! నేరం సేసినోడు ఈ నరసింగరావు కంట్లోంచి తప్పించుకున్నాడంటే, ఆడింకా అమ్మ కడుపులోనే ఉన్నాడని అర్థం. నా బుర్ర ఈ జిల్లాకి ఎక్కువైపోనాది. గవర్నమెంటోళ్ళకి తెలీదు గాని, తెలిస్తే హెలికాప్టర్ పంపుతారు."

ఈ ప్రకటన జరిగేటప్పటికి పొద్దున్న ఆరున్నర. నరసింగరావు మా అరుగు మీద నిలబడి సముద్రం వైపు చెయ్యి చాపి ఉన్నాడు. అతని కాళ్ళకున్నవి నా చెప్పులు. ఆ సంగతి అతనికి తెలీదు. నేనూ చెప్పలేదు. వల చిరిగితే కుట్టుకుంటున్నాను.

నరసింగరావు నాకు బావ వరస. ఎచ్చెర్ల యూనివర్సిటీ గేటు దగ్గర పన్నెండేళ్ళు వాచ్‌మన్‌గా చేశాడు. "యూనివర్సిటీలో పన్నెండేళ్ళు మనుషుల్ని సదివినాను" అంటాడు. పని మానేశాక ఖాకీ టోపీ మాత్రం మానలేదు. దాన్ని పెట్టుకుని డిటెక్టివ్ అయిపోయాడు. ఇంతవరకూ అతను పట్టిన పెద్ద కేసు, పోయిన కోడిపుంజుది. మూడు రోజులు ఊరంతా తిరిగి, నాలుగో రోజు ముఖ్య సాక్షి ఇంట్లో భోంచేసి వచ్చాడు. కోడికూర బాగుందన్నాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

అప్పుడే లోపల్నుంచి మా కోడలు కుసుమకుమారి కేక వేసింది.

"మావయ్యా! డ్రస్సు నేదు! దండెం మీద డ్రస్సు నేదు!"

డ్రస్సంటే మామూలు డ్రస్సు కాదు. మహిషాసురుడిది. మా మనవడు వినోద్ నరసన్నపేటలో ఇంగ్లీషు బడిలో యూకేజీ చదువుతున్నాడు. ఆ బడిలో ఏ పండక్కి సెలవిచ్చినా, ముందురోజు పిల్లలు వేషం కట్టుకుని రావాలి. ఫోనుకి మెసేజ్ వస్తుంది. చివర చేతులు జోడించిన బొమ్మ ఉంటుంది గాని, అది దండం కాదు, ఆజ్ఞ. మెసేజ్ వచ్చిందంటే ఊళ్ళో తల్లులందరికీ జ్వరం. ఒకావిడ కిరీటం కోసం రాజాం పోతుంది, ఒకావిడ శంఖం కోసం శ్రీకాకుళం పోతుంది. మా అబ్బాయి గోవింద్ చేపల వేటకి గుజరాత్‌లో వెరావల్ పోయి ఉన్నాడు. కోడలు ఒక్కర్తీ ఎక్కడికని పోతుంది? ఇంట్లో ఒక ఆకుపచ్చ చీర ఉంది. దాన్ని చుట్టి, నాలుగు మామిడాకులు గుచ్చి, పిల్లాణ్ణి చెట్టుగా పంపేది.

పంద్రాగస్టుకి చెట్టు. కృష్ణాష్టమికి బృందావనంలో చెట్టు. టీచర్స్ డేకి కూడా చెట్టే, ఎందుకో ఎవరికీ తెలీదు. మూడు ఫోటోలు వచ్చాయి. మూడింట్లోనూ చెట్టుని వెనక్కి పెట్టారు. ఆకులు కనబడతాయి, మనవడు కనబడడు.

దసరా మెసేజ్ రాగానే వినోద్ చెప్పేశాడు. "అమ్మా, నాను ఇంక సెట్టవను."

ఆడపిల్లలంతా దుర్గలు. మగపిల్లల తల్లులు దేవుళ్ళని పంచేసుకున్నారు. మహిషాసురుడు ఒక్కడు మిగిలిపోయాడు. మా కోడలు వాణ్ణి పట్టేసింది. పది రోజులు కూర్చుని కుట్టింది. చేపల ఐసు పెట్టె థర్మోకోల్ కోసి కొమ్ములు చేసింది. నల్ల వల దారంతో జుట్టు చేసింది. చిప్స్ ప్యాకెట్లు తిరగేసి కవచం చేసింది. గోవింద్ వీడియో కాల్‌లో చూసి, "నాకే బయమేస్తన్నాదే" అన్నాడు. వ్యాను ఎనిమిదిన్నరకి వస్తుంది. డ్రస్సు మాయం.

వినోద్ గూట్లో ఉన్న ఆకుపచ్చ చీర వైపు చూశాడు. నోరు తెరిచాడు. రాక్షసుడి అరుపు నేర్చుకున్న గొంతు కదా, ఏడుపు నాలుగిళ్ళకి వినబడింది.

"ఆగండి!" అన్నాడు నరసింగరావు. "ఎవరూ ఏటీ ముట్టుకోకండి. ఇది మామూలు దొంగతనం కాదు. ఇది కిడ్నాపు!"

"బట్టల్ని కిడ్నాపంటారేటి పెదనాన్నా?" అంది కోడలు.

"కొమ్ములున్నాయి కదా. కొమ్ములున్నదాన్ని బట్టలంటారేటి?"

కోడలు నా వైపు చూసింది. నేను సూది వైపు చూశాను.

నరసింగరావు ఒక కంటి అద్దం ఊడిపోయిన కళ్ళజోడు తీసి, మిగిలిన అద్దంలోంచి దండెం అంతా చూశాడు. తర్వాత గోడ చూశాడు. తర్వాత వినోద్ ముక్కు చూశాడు. దండెం కిందనుంచి ఏదో తీసి గాల్లో ఎత్తాడు.

"దొరికింది! సూడు బావా! చేప పొలుసు! దీన్ని బట్టి హంతకుడు చేపలు ముట్టుకున్నోడు!"

"మనూళ్ళో చేప ముట్టుకోనోడెవుడు?" అన్నాను. ఆ రోజుకి అది నా మొదటి మాట.

"అదే సెప్తన్నాను. వలయం బిగుసుకుంటన్నాది. మూడొందల ఇళ్ళే మిగిలినాయి."

"అంత టైము నేదు పెదనాన్నా, వ్యాను వచ్చెస్తాది!"

"అయితే మోటివ్ నుంచి నరుక్కొద్దాం." కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. "మహిషాసురుడు నేకపోతే ఎవరికి లాభం? ఆలోచించు బావా. మహిషాసురుడికి పగోళ్ళు ఎవరు?"

తనే టోపీ సర్దుకున్నాడు.

"దుర్గ!" అన్నాడు.

నన్ను రెక్క పట్టుకుని జ్ఞానాంబగారింటికి లాక్కుపోయాడు. జ్ఞానాంబగారు గుడి వీధిలో ఉంటారు. పిల్లలకు సంగీతం చెబుతారు. ఆవిడ మనవరాలు ఉష ఆ రోజు పెద్ద దుర్గ. మేం వెళ్ళేటప్పటికి ఉష పీట మీద నిలబడి ఉంది. రెండు చేతులు సొంతవి, ఆరు అట్టవి. అట్ట చేతుల్లో రెండు ఊడి కింద పడి ఉన్నాయి. జ్ఞానాంబగారు నోట్లో పిన్నీసులు పెట్టుకుని చెమటలు కారుస్తున్నారు.

నరసింగరావు గుమ్మంలో నిలబడి గొంతు సవరించాడు.

"అమ్మా, నిన్న సాయంత్రం నుంచీ ఈయేల తెల్లారీదాకా మీ దుర్గ ఎక్కడున్నాది?"

"ఇంట్లోనే ఉంది. ఎక్కడుంటుంది? ఇదిగో, ఈ చెయ్యి పట్టుకోండి."

"నాను ఇక్కడికి చేతులు పట్టుకోడానికి రానేదు. మహిషాసురుణ్ణి ఏటి సేసినారు?"

"ఇంకా ఏమీ చెయ్యలేదు. పదిన్నరకి చంపుతుంది. గట్టిగా పట్టుకోండి, జిగురు ఆరాలి."

నరసింగరావు నా వైపు తిరిగి రహస్యంగా, వీధంతా వినబడేలా అన్నాడు. "బావా, ఒప్పేసుకున్నాది!"

"నరసింగరావుగారూ, ఆ చెయ్యి తలకిందులుగా పెట్టారు" అన్నారు జ్ఞానాంబగారు. "నెలనెలా ఈ వేషాల గోలతో నా ప్రాణం పోతోంది. చదువు చెప్పమని పంపితే ఇంటిల్లిపాదికీ కుట్టుపని చెప్పారు. మొన్న భరతమాతని చేశాను, నిన్న రాధని చేశాను. మా అమ్మాయికి పెళ్ళి చేసినప్పుడు కూడా ఇంత పని లేదు."

జిగురు ఆరేదాకా డిటెక్టివ్ అలా దుర్గ చెయ్యి పట్టుకుని పావుగంట నిలబడ్డాడు. వదిలించుకునేసరికి అతని బొటనవేలు అట్టకి అంటుకుపోయింది. పీకాక, వేలికి ఎర్ర రంగు చూసుకుని "నెత్తురు!" అన్నాడు. అది దుర్గమ్మ గోరింటాకు.

"దుర్గ నిర్దోషి" అని రోడ్డు మీద తేల్చాడు. "ఆ పిల్లకి ఎనిమిది చేతులున్నాయి గాని, ఒక్కటీ దొంగతనానికి పనికిరాదు. ఇంక ఒకే దారి. సముద్రం! దొంగ సరుకుతో పడవెక్కి పోతంటాడు. రా బేగి!"

అప్పటికి ఏడున్నర దాటింది. ఒడ్డుకి పోయాం. పాత వలల మీద ఊరి వాళ్ళంతా నెత్తళ్ళ చేపలు ఎండబోశారు. ఎవరి వల దగ్గర వాళ్ళు, కాకులు వాలకుండా కర్రలు పాతి, పాత చొక్కాలు, నల్ల కవర్లు కట్టారు. ఎదురుగా ఎండ నీళ్ళ మీద పడి కళ్ళల్లో గుచ్చుతోంది. కర్రలు, మనుషులు, పడవలు, అన్నీ నల్లగా ఒక్కలాగే ఉన్నాయి.

మా ఆవిడ జగ్గమ్మ మా వల దగ్గర కూర్చుని చేపలు తిరగేస్తోంది. తెల్లారకుండా ఒడ్డుకి వస్తుంది, ఎండినవి ఎత్తుకుని సంతకి పోతుంది, దీపాలు పెట్టాక ఇల్లు చేరుతుంది. ఆ రోజు మొహం వెలిగిపోతోంది.

"అన్నియ్యా! రా రా! ఈయేల ఒక్క కాకి వాల్నేదు తెలుసా? ఎందుకంటే..."

"సెల్లీ, ఆగు. సాక్షులు అడిగినప్పుడే మాటాడాల."

"అది కాదు, మా కోడలు..."

"మీ కోడలు బాధలో ఉన్నాది. నువ్వు కాకుల గోల పెడతన్నావు. అనుమానంగా ఎవడైనా పడవెక్కినాడా, సూసినావా?"

"పడవెక్కినోళ్ళందరూ పడవెక్కినారు. వేటకి కాదేటి మరి?"

"సూసినావా బావా, ముఠా!"

పడవల్ని లెక్కపెట్టాలని, బోర్లించిన తెప్ప ఎక్కాడు. తెప్ప తడిగా ఉంది. కాళ్ళకి నా చెప్పులు, అవి అరిగిపోయి నున్నగా ఉంటాయి. ఒక కాలు జారింది. పడిపోకుండా పక్కనున్న కర్రని కౌగలించుకున్నాడు. కర్ర పాతింది ఇసకలో. కర్రా, కర్రకున్నదీ, నరసింగరావూ, ముగ్గురూ కలిసి నెత్తళ్ళ మీద పడ్డారు.

"అటాక్!" అని అరిచాడు. "బావా, ఎనకనుంచి కొట్టినాడు! ఒదల్ను! ఒదల్ను! లొంగిపోరా!"

చేపలు పైకి లేచాయి. మెరిసేదేదో ఒకటి అతని మీదికెక్కింది, అతను దాని మీదికెక్కాడు. మెడ పట్టుకుని నొక్కాడు. జుట్టు పట్టుకుని పీకాడు. నేను కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గరికి వెళ్ళి చూశాను. కొమ్ములు కనబడ్డాయి.

"బావా" అన్నాను.

"మాటాడకు! ఈడికి నలుగురి బలం ఉన్నాది!"

"అదే మహిషాసురుడు."

నరసింగరావు నొక్కుతున్న మెడ వైపు చూశాడు. థర్మోకోల్ కొమ్ము మీసానికి ఆనుకుని ఉంది. నోట్లో నెత్తళ్ళు ఉన్నాయి. ఊసి, నిదానంగా లేచి, టోపీ దులుపుకున్నాడు.

"అనుకున్నట్టే దొరికినాడు" అన్నాడు.

"నా బొమ్మ! నా కాకుల్ని తోలే బొమ్మని పాడు సేసినావు గద అన్నియ్యా!" అని జగ్గమ్మ గుండె బాదుకుంది. అప్పుడు సంగతి బయటపడింది.

"నెల్రోజుల్నుంచీ కోడలికి సెప్తన్నాను, కాకులు మేసెస్తన్నాయే, ఒక బొమ్మ కట్టియ్యే అని. పది రోజులై అది కుడతన్నాది కాదేటి? కొమ్ములు, నల్ల జుట్టు, తళతళమని కాయితాలు. కాకుల్ని తోలడానిక్కాపోతే అంత బయంకరంగా ఎందుకు కుడతారు? తెల్లారగట్ట దండెం మీద సూసినాను. నాకోసవే కుట్టి ఆరేసిందనుకున్నాను. కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి."

"అది మనవడి బడి డ్రస్సు" అన్నాను.

"బడికి రాక్షసుడెందుకు? సదూకోడానికి కదేటి ఎల్తారు?"

నేను వంగి, విరిగిన కొమ్ము ఏరుకున్నాను.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా. నాకొక మాట సెప్పకూడదేటి?" అంది.

"నువ్వు అడగనేదు" అన్నాను.

మహిషాసురుణ్ణి ఎత్తుకుని పరుగెత్తాం. ఎనిమిదీ ఇరవైకి ఇల్లు చేరాం. కోడలు విరిగిన కొమ్ముకి టేపు వేసింది. వినోద్ ఏడుపు ఆపి చేతులు పైకెత్తి తొడిగించుకున్నాడు. అప్పుడు వాసన తెలిసింది. రెండు గంటలు ఎండలో నెత్తళ్ళకి కాపలా కాసిన డ్రస్సు, ఆ పైన నెత్తళ్ళలో దొర్లింది. కోడలు ఒక డబ్బా పౌడరు పోసింది. సెంటు కొట్టింది. ఇప్పుడు చేపకి సెంటు కొట్టిన వాసన వచ్చింది. అది ఇంకా ఘోరం.

"రాక్షసుడు అలగే ఉంటాడు" అన్నాడు నరసింగరావు. "ఏ రాక్షసుడు స్నానం సేసినాడు సెప్పు?"

వ్యాను డ్రైవరు రాముడు తలుపు తీసి, మళ్ళీ వేసేయబోయాడు. "ఏటమ్మా, డబ్బాలో ఏటి పెట్టినారు?" కోడలు బతిమాలితే కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. మేం వెనక ఆటోలో పోయాం. దారి పొడుగునా వ్యాను అద్దాలన్నీ దించే ఉన్నాయి.

పదిన్నరకి తెర లేచింది. మా వినోద్ స్టేజీ మధ్యకి వచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక్క అరుపు అరిచాడు. ముందు వరసలో ఒకాయన చేతిలో టీ ఒలికింది. తొమ్మిదిమంది దుర్గలు త్రిశూలాలు పట్టుకుని చుట్టుముట్టారు. ఫ్యాను గాలి వినోద్ మీదనుంచి వాళ్ళ వైపు వీస్తోంది.

మొదటి దుర్గ ఆగిపోయింది. రెండో దుర్గ "అమ్మా" అంది. ఏడుగురు దుర్గలు ఎటువాళ్ళు అటు దిగి తల్లుల దగ్గరికి పరుగెత్తారు. ఎనిమిదో దుర్గ తెర వెనక్కి పోయింది. ఉష ఒక్కతీ నిలబడింది. ఎనిమిది చేతులున్నాయి గాని, ముక్కు మూసుకోడానికి పనికొచ్చేది ఒక్కటే. దాంతో ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని, ఇంకో చేత్తో త్రిశూలం దూరం నుంచే విసిరేసి, అట్ట చేతులు ఊడిపడుతుంటే పారిపోయింది. త్రిశూలం హార్మోనియం పెట్టెకి తగిలింది.

విశాలి టీచర్ మైకు పట్టుకుని బతిమాలింది. "వినోద్, పడిపో నాన్నా. చచ్చిపోవాలి. చచ్చిపో నాన్నా, ప్లీజ్!"

వినోద్ అటూ ఇటూ చూశాడు. "నన్నెవరూ పొడవలేదు కదా టీచర్!"

హాలంతా ఒకటే నవ్వు. జ్ఞానాంబగారు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. మా కోడలికి నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది. నరసింగరావు లేచి నిలబడి, వెనక వాళ్ళకి దండాలు పెట్టాడు.

ఫోటో తీసేటప్పుడు ఎవరూ వినోద్ పక్కకి రాలేదు. తొమ్మిదిమంది దుర్గలు ఒక మూల, దేవుళ్ళంతా ఇంకో మూల. మధ్యలో, ముందు వరసలో, ఒక్కడు మా వాడు. విరిగిన కొమ్ముతో, నోరు తెరుచుకుని.

సాయంత్రం గోవింద్ వెరావల్ నుంచి ఫోను చేశాడు. వెనక పడవ ఇంజను చప్పుడు. అప్పటికే ఫోటో అందినట్టుంది, గొంతులో నవ్వు ఆగడం లేదు.

"ఏరా, బాగా సచ్చినావా?"

"నాను సావనేదు నాన్నా" అన్నాడు వినోద్. "ఆళ్ళే ఎల్లిపోనారు."