లాయర్లను తిరగేసి చూసిన గురప్ప

ఆ శుక్రవారం పొద్దున సరళ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను తిని, ఫోన్లో అనంతపురం లా కాలేజీ సీటుకు ఒప్పుకున్నట్టు నొక్కేయడం. లేదంటే బెంగళూరు ప్రైవేటు కాలేజీకి అడ్వాన్సు పంపేయడం. రెండింటికీ గడువు సాయంత్రం అయిదు గంటలే. రెండింట్లో ఏది చేయాలో తేలకపోవడం ఒక్కటే ఆ పథకంలో లోపం. ఆ లోపంతోనే వారం రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు. బి.కాం. అయ్యాక ఏడాది ఇంట్లో కూర్చుని, రెండోసారి లా ఎంట్రన్సు పరీక్ష రాస్తే వచ్చిన ర్యాంకుతో దొరికిన అవకాశం ఇది. ఈ రోజు దాటిపోతే మూడోసారి రాసే ఓపిక ఆమెకూ లేదు, రాయించే ఓపిక ఇంట్లోవాళ్లకూ లేదు.

అనంతపురంలో ఫీజు ఏడాదికి పదిహేను వేలు. రోజూ రైల్లో పోయి రావచ్చు. బెంగళూరులో రెండు లక్షలు, హాస్టలు ఖర్చు వేరే. కానీ అక్కడ చదివితే పెద్ద పెద్ద కంపెనీలు పిలిచి ఉద్యోగాలిస్తాయని ఆ కాలేజీవాళ్లు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి మరీ చెబుతున్నారు.

తండ్రి గురప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఏ వస్తువైనా తిరగేసి చూడనిదే కొనడు. చీర వెనకవైపు చూస్తేనే నేసినవాడి చెయ్యి తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆ అలవాటుతోనే కుర్చీలను, కుక్కర్లను, ఒకసారి పుచ్చకాయను కూడా తిరగేసి చూశాడు.

"కాలేజీవాళ్లు చూపించేది పై నేతే పాపా," అన్నాడు గురప్ప చొక్కా వేసుకుంటూ. "పా, కోర్టు కాడికి పోదాం. ఈడ చదివినోళ్లు, ఆడ చదివినోళ్లు అందరూ ఆడ్నే ఉంటారు. చదివినాక ఎట్ల తేలినారో చూస్తే సరిపాయ."

"నాయనా, లాయర్లను అట్ల అడిగితే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? నేనేమన్నా దుడ్లు అడుగుతాండానా?"

కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద లాయర్ల బల్లలు వరసగా ఉన్నాయి. గురప్ప మొదటి బల్ల దగ్గర చేతులు జోడించి, "సార్, మీరు యాడ చదివినారు? కేసులు బాగా వస్తాండాయా?" అని అడిగాడు. ఆ లాయరు కళ్లజోడు తీసి చూసిన చూపుకు సరళ నేలలోకి దిగిపోయింది. రెండో ఆయన ముందు బయటికి నడవమన్నాడు. మూడో బల్ల రాజేంద్రది. ముప్పై ఏళ్లుంటాయి. నల్లకోటు పెళపెళలాడుతోంది, బల్ల మీద ఒక్క కాగితం లేదు. "బెంగళూరులో చదివినా అన్నా, కూర్చో కూర్చో," అంటూ తన జేబురుమాలుతోనే బెంచీ తుడిచాడు. లాయరును ఎంచుకోవడానికి వచ్చిన కక్షిదారుడని ఆయన ఆశ.

"ఆస్తి గొడవనా?"

"ఆస్తి యాడిది సార్! ఒగ ఇల్లు, ఒగ మగ్గాల కొట్టం."

"నీ ఒక్కడిదేనా?"

"మా అన్నదీ నాదీ."

"పంచుకున్నారా?"

"ఇంగా లేదు సార్."

రాజేంద్ర అప్పటికే అరపేజీ రాసేశాడు. "సార్, మేము వచ్చింది దానికి కాదు," అంది సరళ.

"మొదట అందరూ అట్లనే అంటారమ్మా," అన్నాడు రాజేంద్ర ఎంతో దయగా. అంతలో లోపలినుంచి పిలుపు రావడంతో, మధ్యాహ్నం రమ్మని చెప్పి కోటు సర్దుకుంటూ పరుగెత్తాడు.

వెనక్కి తిరిగేసరికి పట్టునూలు అమ్మే జయరాముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఏదో వాయిదాకు వచ్చాడట. "ఏమప్పా గురప్పా, నువ్వూ కోర్టుకెక్కినావా?"

సీటు ఖాయం కాకముందే నలుగురికీ చెబితే దిష్టి తగులుతుందని గురప్ప భయం. "ఏం లే, చిన్న పని. మా అన్నకు మాత్రం చెప్పొద్దు," అన్నాడు. అంతకంటే పెద్ద తప్పు ఆయన జన్మలో చేయలేదు. జయరాముడు ఆ రహస్యాన్ని జేబులోంచి ఫోన్ తీసినంతసేపు దాచాడు.

పన్నెండున్నరకు ఇంటికొచ్చి చూస్తే మగ్గాల కొట్టానికి కొత్త తాళం వేలాడుతోంది. గడప మీద పెదనాన్న లింగప్ప భార్య భద్రమ్మ కొంగు బిగించి కూర్చుంది. ఎలుకలు రాని చోటు ఇంట్లో అదొక్కటే కాబట్టి, సర్టిఫికెట్లూ ర్యాంకు కార్డూ, అనంతపురం సీటు పాస్‌వర్డు రాసుకున్న చీటీ కూడా కొట్టంలోని ఇనుప పెట్టెలోనే ఉన్నాయి. చీటీ లేనిదే సీటు లేదు.

"పెద్దమ్మా, బీగం తియ్యవా? అర్జెంటు పని ఉండాది."

"కోర్టులో అడుక్కో పో! నీకు జ్వరమొస్తే రాత్రంతా ఎత్తుకోని తిరిగినా ఈ కొట్టంలోనే. ఇప్పుడు టేపు పెట్టి కొలిచి నా వాటా ఇంతని చెప్తారా?" ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మీ పెదనాయన బీగంచెవి మొలకు కట్టుకోని వకీలు కాడికి పోయినాడు."

"కేసా? మా అన్న నా మీదనా?" గురప్ప ముఖం పాలిపోయి, మరుక్షణం ఎర్రబడింది. "పెట్టనీ! నాకూ ఉండాడు లాయరు! బెంగళూరులో చదివినోడు!"

ఇంతసేపూ లేని కేసు ఇప్పుడు నిజంగానే పుట్టింది. సరళ ఎంత బతిమాలినా భద్రమ్మ వినలేదు, లింగప్ప ఫోన్ ఎత్తలేదు. తండ్రీకూతుళ్లు మళ్లీ కోర్టు దగ్గర ఆటో దిగేసరికి మూడు దాటింది. రేకుల షెడ్డు కింద ఒక మూల ఎర్రిస్వామి అనే పెద్ద లాయరు బల్ల చుట్టూ జనం తిరునాళ్లలా ఉన్నారు. ఆ వరసలో పదకొండోవాడు లింగప్ప. గురప్ప అన్నను చూసీ చూడనట్టు పోయి రాజేంద్ర బల్ల ముందు కూలబడ్డాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు వీపులు కనబడేలా కూర్చున్నారు. ఇద్దరి మధ్య సరళ చేతిలో ఫోను మోగింది. బెంగళూరు కాలేజీవాళ్లు. మూడే సీట్లున్నాయట, ఇప్పుడే కట్టేయాలట.

"పెదనాయనా!" ఆ అరుపుకు షెడ్డంతా ఇటు తిరిగింది. "నాయన కేసు పెట్టేదానికి రాలేదు. నేను లా చదవల్లని ఏ కాలేజీ మంచిదో లాయర్లను అడిగేదానికి వచ్చినాడు. అంతే!"

లింగప్ప మెల్లగా లేచాడు. "మరి నాకు చెప్పొద్దని ఎందుకన్నాడు?"

"దిష్టి తగులుతాదని."

"నా దిష్టా?" లింగప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. కేసు అనుకున్నప్పుడు కూడా ఆయనకు ఇంత నొప్పి కలగలేదు. "ఇరవై ఏండ్లు ఒగే కొట్టంలో మగ్గం తొక్కినాం గదరా! నా కన్ను చెడ్డదా?"

"నీది కాదన్నా," గురప్ప చటుక్కున దిక్కులు చూశాడు. "జయరామునిది!"

"నాదా!" అన్నాడు పక్కనే వినోదం చూస్తున్న జయరాముడు.

ఎర్రిస్వామి చేతిలో ఫైలు మూసి, ఏయే కాలేజీలో కనుక్కున్నాడు. "నేను చదివింది అనంతపురంలోనే. కానీ మా వాణ్ని బెంగళూరులో వేసినా," అన్నాడు. రాజేంద్ర గొంతు తగ్గించి, "అనంతపురంలో చేర్చన్నా. నేను బెంగళూరులో చదివి, ఆడ్నే అద్దాల బిల్డింగులో ఏడాది కాగితాలు దిద్ది, ఇంటికొచ్చినా. ఈ బల్ల గూడా ఎర్రిస్వామి సారుదే," అన్నాడు.

గురప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తిరగేసినా ఏమీ తెలియకపోయె పాపా," అన్నాడు దిగులుగా.

నాలుగూ ఇరవై. బయలుదేరబోతుంటే రాజేంద్ర మొహమాటంగా సలహా ఫీజు సంగతి ఎత్తాడు. సరళకు అప్పటికి భయం అయిపోయి కోపం మొదలైంది. "సార్, వకాలత్ కాగితం మీద ఎవరన్నా సంతకం చేసినారా? మా నాయన అడిగింది కాలేజీ గురించి. ఆ జవాబు మీరు ఇప్పుడు చెప్తిరి. పొద్దున్నుంచి రాసుకుండేది మీరు అడిగిన ప్రశ్నలకు. దానికి మేమెట్ల ఇస్తాం?"

రాజేంద్ర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎర్రిస్వామి నవ్వాడు. లింగప్ప మాత్రం నవ్వలేదు, సరళవైపు కొత్తగా చూశాడు.

ముగ్గురూ ఒకే ఆటోలో ఇల్లు చేరి, కొట్టం తెరిచి, పెట్టె బోర్లించి చీటీ పట్టుకునేసరికి నాలుగూ యాభై రెండు. ఏది నొక్కాలో ఎవరూ చెప్పలేదు. సరళకు ఆ రేకుల షెడ్డు గుర్తొచ్చింది. అంతమంది ముందు తన గొంతు వణకలేదన్న సంగతి అప్పుడే తట్టింది. అద్దాల బిల్డింగులో కాగితాలు దిద్దడం కాదు, ఈ కోర్టులోనే నిలబడి మాట్లాడాలి తను. అనంతపురం సీటుకు ఒప్పుకున్నట్టు నొక్కి, పెట్టె మీద కూలబడి భోరున ఏడ్చేసింది. భద్రమ్మ పరుగున వచ్చి ఒళ్లోకి తీసుకుంది.

కాసేపటికి లింగప్ప రబ్బరుబ్యాండు వేసిన నోట్ల కట్టతో వచ్చాడు. "మొదటి ఏడాది ఫీజు. నేను కడతా."

"నువ్వెందుకన్నా?" గురప్ప కట్టను వెనక్కి నెట్టాడు.

"ఊరికే కాదప్పా. రేపెప్పుడన్నా మనకు నిజంగానే గొడవొస్తే పాప నా తరఫున మాట్లాడల్ల."

"నా కూతురు నా మీదనా?"

"రెండో ఏడాదిది నువ్వు కట్టుకో, ఎవరొద్దన్నారు?"

ఉద్యోగావకాశాల సంగతి ఆ విధంగా తేలిపోయింది. కాలేజీ గడప తొక్కకముందే సరళకు ఇద్దరు కక్షిదారులు దొరికారు, ఇద్దరూ ఒకే కేసులో.