ఏఐ కట్టిన సండాసు

ముంబై కామాటిపురను దేశంలోకెల్లా మొదటి ఏఐ పేటగా మారుస్తానని మా గల్లీ లీడరు మంగేష్ భావు ప్రకటించిన రోజున నా చేతిలో ఉన్నది ఒక తలుపు. కూల్చిన బిల్డింగుల తలుపులు కొని అమ్మడం నా వ్యాపారం. ఆ ఒక్కదాన్ని మాత్రం మా చాల్‌లో అన్ని గదులకూ ఉమ్మడిగా ఉన్న సండాసు కొలతకు సరిపోతుందని పక్కన పెట్టాను.

సండాసు తలుపు వానలకే ఊడిపోయింది. ఆడవాళ్లు జంటగా వెళ్తున్నారు, ఒకరు లోపల, ఇంకొకరు బయట చీర అడ్డం పట్టుకుని. ఒంటరిది వజ్రమ్మ అత్త. తోడు దొరకదని పొద్దటి చాయ్ మానేసింది.

చాల్ రిపేరు కమిటీకి భావే అధ్యక్షులు. దాదర్‌లోని ఒక హోటల్లో 'బిజినెస్ లీడర్లకు జనరేటివ్ ఏఐ' అనే శిక్షణ పొంది, మెడలో కార్డు తీయకుండానే తిరిగొచ్చారు. ఆయన బిజినెస్ ఏమిటో ఎవరమూ అడగలేదు. లీడరన్నది మాత్రం నిజమే.

"భావు, తలుపు తయారున్నది. ఊ అంటే రేపే బిగిస్త" అన్నాను.

"సేఠ్, నువ్వింకా కట్టెకాడనే ఉన్నవ్. దునియా ప్రాంప్ట్ కాడికి పోయింది."

"అదేం సామాను?"

"సామాను కాదు బాబా. ఏం గావాల్నో మిషన్‌కు చెప్పుడే ప్రాంప్ట్. చెప్తే చాలు, తయారు జేస్తది."

"మేం నీకు వానలప్పటి సంది చెప్తనే ఉన్నం గదరా!" అంది వజ్రమ్మ అత్త.

"నేను మిషన్ కాదు గదత్తా" అన్నారు భావు. ఆయన వినయం అలాంటిది.

ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "మా చాల్ సండాసు, తెల్ల టైల్స్, టేకు తలుపు, ఏక్దమ్ ఫస్ట్ క్లాస్" అన్నారు. చాయ్ చల్లారేలోపు బొమ్మ వచ్చింది. టైల్స్ మెరుస్తున్నాయి. పైన షాండ్లియర్ కూడా వేలాడుతోంది. అది మేం అడగలేదు.

నేను తలుపు ఒక్కటే చూశాను. "భావు, దీనికి రెండు దిక్కులా బందులున్నయి. ఇది తెరుసుకోదు."

"దాన్ని హాల్యూసినేషన్ అంటరు. లేనిదాన్ని ఉన్నట్టు మస్తు నమ్మకంగ చెప్పుడు. పెద్ద పెద్ద కంపెనీలు దానికే గజగజ వణుకుతున్నయి."

"మీకు భయం లేదా?"

"నేను రాజకీయాలల్ల ఉన్న సేఠ్."

మిషన్ చేసిన పనిని చివర్లో ఒక మనిషి చూసి సరే అనాలట. ఆ మనిషి కూడా భావే. చూశారు, సరే అన్నారు.

బొమ్మ పైఆఫీసుకు వెళ్లింది. అక్కడ పనుల ఫోటోలు తనిఖీ చేయడానికి ఇంకో మిషన్ ఉంది. అది చూసి 'పని పూర్తి, శుభ్రత అద్భుతం' అని రాసింది. మిషన్లిద్దరికీ మాట కుదిరాక మనుషులు మెట్లెక్కి చూడాల్సిన అవసరం రాలేదు. సండాసు రిపేరు ఫండు కాగితాల మీద ఖర్చయిపోయింది.

"ఇప్పుడన్న నా తలుపు పెట్టనియ్యండి భావు."

"రికార్డుల తలుపున్నది. తలుపు మీద తలుపు పెడితే డబుల్ బిల్లింగ్. నన్ను జైలుకు పంపుతవా?"

"ఊకెనే ఇస్త." నా వ్యాపారంలో ఈ మాట అదే మొదటిసారి.

"ఇంకా ఘోరం! మరి కొత్త తలుపు ఏడవోయిందని ఎంక్వైరీ రాదా?"

ఇంత నిజాయితీపరుణ్ని ఇబ్బంది పెట్టినందుకు సిగ్గుపడ్డాను.

గల్లీ మొగలో ప్రారంభోత్సవం జరిగింది. బొమ్మను మనిషెత్తు ఫ్లెక్సు కొట్టించారు. సండాసు ముందు భావు చేతులు జోడించి నిలబడ్డట్టు. బ్యాండు వచ్చింది, కొబ్బరికాయ పగిలింది, ఫ్లెక్సు ముందు రిబ్బన్ తెగింది. లబ్ధిదారు మాట్లాడాలని వజ్రమ్మ అత్తకు మైకిచ్చారు.

"ఎట్లున్నదత్తా?"

"ఫోటోల మంచిగున్నది. నేనెటు పోవాలె బిడ్డా?"

బ్యాండు వెంటనే అందుకుంది.

తెల్లారేసరికి ఫ్లెక్సు లేదు. ఇది ప్రతిపక్షం కుట్రని భావు ఖండించారు. అంతకుముందే వజ్రమ్మ అత్త నా దుకాణానికి వచ్చి మేకులూ సుత్తీ అడిగి తీసుకుపోయింది.

ఇప్పుడా ఫ్లెక్సు సండాసు గుమ్మానికి వేలాడుతోంది. కొలత సరిగ్గా సరిపోయింది, నీళ్లకు చెడదు. జోడించిన చేతుల్ని పక్కకు తోసి లోపలికి వెళ్లాలి. భావు ముఖం బయటికుంటే లోపల మనిషున్నట్టు. గోడవైపు తిప్పి ఉంటే ఖాళీ. చాల్‌లో పిల్లలకు కూడా ఈ పద్ధతి వచ్చేసింది.

మొత్తం మీద లెక్క ఇది. నా తలుపు దుకాణంలోనే ఉంది. గుప్పెడు మేకులు పోయాయి. వజ్రమ్మ అత్త మళ్లీ పొద్దటి చాయ్ తాగుతోంది.