మూడు గంటల ప్రాసెసింగ్

నా పేరు సుకుమార్. పేరుకు తగ్గట్టే ఒళ్ళు వంచే పని నాకు పడదు. మదనపల్లె ఆస్పత్రిలో మందుల స్టోరు చూసుకుంటాను. మా ఆవిడ ఎవాంజెలిన్ బడిలో ఆరో తరగతి బి సెక్షన్ టీచరు.

కష్టంలోనూ సుఖంలోనూ తోడుంటావా అని పెళ్ళిలో పాస్టరుగారు అడిగితే ఉంటానన్నాను. ఆ కష్టంలో యాభై ఎనిమిది మంది పిల్లల మార్కులు కూడటం కూడా ఉందని ఆయన చెప్పలేదు. ప్రతి పరీక్షకూ మా ఆవిడ పేపర్లు దిద్దేది, నేను ఆరు సబ్జెక్టులూ కూడి ర్యాంకులు వేసేవాణ్ణి. పదేళ్ళు ఇదే సంసారం.

రెండువేల నాలుగులో ఇంటికి కంప్యూటరు కొన్నాక నాకు విముక్తి మార్గం దొరికింది. కంప్యూటరు పుస్తకం ముందు పెట్టుకుని, మూడు నెలలు తంటాలు పడి, బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక పేజీ తయారు చేశాను. గళ్ళలో మార్కులు కొట్టి బటన్ నొక్కితే, లోపల నేను రాసిన చిన్న ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, టోటలూ ర్యాంకూ చటుక్కున వేసేస్తుంది.

చటుక్కున అని మా ఆవిడకు చెప్పలేదు. అక్కడే నా తెలివి.

"మూడు గంటలు ప్రాసెసింగ్ జరగాల. ఆ టైములో తలుపు తీస్తే లెక్క చెదిరిపోతాది" అన్నాను.

"మూడు గంటలు నువ్వేం చేస్తావప్పా ఆడ?"

"కాపలా ఉండాల కదా!"

అలా త్రైమాసిక పరీక్షలప్పుడు ఆ కాపలా హాయిగా, గురక పెట్టి మరీ కాశాను. మా ఆవిడ నా ప్రతిభను బడంతా చాటింది. ఎర్ర సిరా తప్ప మరో రంగు ఎరగని హెడ్‌మిస్ట్రెస్ విక్టోరియా మేడం కూడా నన్ను చూసి నవ్విందంటే చూడండి.

అర్ధసంవత్సర పరీక్షలకు ముందు, సీడీల సుబ్రమణ్యం ఇంటికొచ్చాడు. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే మనిషి.

"కొత్త సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిండాది సార్. ఎయ్యమంటారా?"

సెక్యూరిటీ వద్దనే మగాడు ఉంటాడా? వెయ్యమన్నాను. వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు మార్కుల కట్ట పట్టుకుని, తలుపు గడియ వేసి, నా పేజీ తెరిచాను. గళ్ళు వచ్చాయి. మార్కులు కొట్టాను. బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. గట్టిగా నొక్కాను. బటన్ మంచి బిడ్డలా లోపలికి పోయి బయటికి వస్తోంది. టోటల్ మాత్రం లేదు.

తెర పైభాగాన ఎప్పుడూ లేని పసుపు పట్టీ ఒకటి కనిపించింది. ఏదో అంటుకుందనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. సన్నటి అక్షరాలంటే ప్రకటనే అయ్యుంటుందని వదిలేశాను.

"అయిపాయనా?" బయటినుంచి మా ఆవిడ.

"నడస్తాండాది!"

"సప్పుడే రాలేదే?"

"కొత్త సెక్యూరిటీ. సప్పుడు సేయదు!"

ఇప్పుడు పాడైందని చెబితే పరువు పోతుంది. చేసేదేముంది? పాత క్యాలెండరు వెనక్కి తిప్పి, పెన్సిల్ తీసి, కూడటం మొదలుపెట్టాను. మూడు గంటలు ప్రాసెసింగ్ జరగాలన్నానా, సరిగ్గా మూడు గంటలు జరిగింది. నాలో.

గురువారం బడిలో ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చేశారు. ఆ సాయంత్రం మా ఆవిడ ఇంకో రెండు కట్టలు తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఏందిమే ఇది?"

"ఎ సెక్షనూ, సి సెక్షనూ. విక్టోరియా మేడం ఇమ్మనింది. మిషను ఊరికేనే కదా ఉండాది?"

మిషను కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడింది.

శనివారం సెలవు పెట్టి, కుప్పంలో బంధువుల్ని చూసొస్తానని చెప్పి, నా పేజీ కాపీ ఉన్న ఫ్లాపీ జేబులో వేసుకుని బస్సెక్కాను. కుప్పంలో నా పాత స్నేహితుడు దినేష్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. మనసాగక దారిలో పుంగనూరులో దిగి ఒక నెట్ సెంటర్లో ఫ్లాపీ పెట్టి చూశాను. అదే పసుపు పట్టీ, అదే మూగ బటన్. నా స్క్రిప్టుకే ఏదో రోగం వచ్చిందని ఖాయం చేసుకుని కుప్పం చేరాను.

దినేష్ ఫ్లాపీ పెట్టి, నాలుగు అంకెలు కొట్టి, బటన్ నొక్కాడు. టోటల్ టక్కున పడింది!

"బాగానే ఉండాది కదప్పా?" అన్నాడు.

నాకు మతిపోయింది. మదనపల్లెలో నడవదు, పుంగనూరులో నడవదు, కుప్పంలో పరుగెడుతుంది. నీళ్ళ తేడానా? కర్ణాటక గాలి తగిలిందా?

"మా వాటికి అప్‌డేట్ ఎయ్యలా ఇంకా" అన్నాడు దినేష్. "నీ స్క్రిప్టుకేం రోగం లేదు. మీ ఇంట్లో కంప్యూటరే దాన్ని అనుమానపడతాండాది."

"నేను రాసిందాన్నా? నా ఇంట్లోనా?"

"సెక్యూరిటీ అంటేనే అదప్పా. ముందు ఇంట్లోవాళ్ళనే అనుమానిస్తాది."

"దాన్ని నమ్మించేదెట్లా?"

"ఆ అప్‌డేట్ నేనింకా సూడనే లేదు. సూసినాక ఫోన్ చేస్తా."

పోనీ లెక్కలు అక్కడే చేసుకుందామంటే మార్కుల కట్టలు ఇంట్లో ఉన్నాయి. మందు కుప్పంలో, రోగి మదనపల్లెలో. ఎంత అయోమయంగా వెళ్ళానో అంతకు రెండింతలు అయోమయంగా తిరిగొచ్చాను.

ఆదివారం చర్చినుంచి వచ్చేసరికి ఇంటిముందు ఒకామె కూతుర్ని పట్టుకుని నిలబడి ఉంది. టమోటా మండీలో కాయలు ఏరే రెడ్డెమ్మ. కూతురు మునీశ్వరి బి సెక్షన్. ఆ పిల్ల కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి.

"సూడు సార్, ఎప్పుడూ అయిదు లోపల ర్యాంకు వచ్చే బిడ్డికి ముప్పై ఒకటి వచ్చిండాది" అంది రెడ్డెమ్మ కార్డు చాపి. "మొత్తం మున్నూట పన్నెండు. అడిగితే మార్కులు తక్కువ రాలేదు, లెక్కే తప్పంటాది. కంప్యూటరు తప్పు సేస్తాదా సార్? సదువు బుర్రకెక్కకుంటే మాన్పించి నాతో మండీకి తోడుకోని పోతా!"

"నేను మూడుసార్లు కూడినా సార్" అంది పిల్ల, వెక్కుతూ. "నన్నూట పన్నెండే వస్తాండాది."

"కంప్యూటరు కంటే నీకెక్కువ తెలుసునా, నోరు మూయ్!"

కార్డు తీసుకున్నాను. డెబ్బై ఒకటి, యాభై ఎనిమిది, అరవై ఆరు, ఎనభై మూడు, డెబ్బై, అరవై నాలుగు. మనసులోనే కూడాను. నాలుగు వందల పన్నెండు. నాలుగు రాయాల్సిన చోట మూడు రాసింది కంప్యూటరు కాదు, క్యాలెండరు వెనక పెన్సిల్ పట్టుకున్న నేను.

పక్కన మా ఆవిడ నన్నే చూస్తోంది. పరువు ఒకవైపు, మండీ ఒకవైపు. ఆ పిల్ల ముక్కు చీదుకుంటూ నా మొహంలోకి చూసింది. ఇంక నావల్ల కాలేదు.

"నీ బిడ్డ లెక్కే కరెక్టమ్మా" అన్నాను. "కంప్యూటరు పనిచేయలా. నేను చేత్తో కూడినా. తప్పు నాదే. బిడ్డిని ఏమనొద్దు."

మునీశ్వరి ఏడుపు ఆపి, "అయితే నేను కంప్యూటరు కంటే ఎక్కువా సార్?" అంది.

"నాకంటే మాత్రం చాలా ఎక్కువమ్మా."

అప్పుడు మా ఆవిడ చేతిసంచిలోంచి ఒక కార్డు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. నాలుగు వందల పన్నెండు, నాలుగో ర్యాంకు. కింద విక్టోరియా మేడం ఎర్ర సంతకం. తేదీ నిన్నటిది.

వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయాక అడిగాను. "నిన్నటిదా? నీకెట్లా తెలిసిందిమే?"

"నువ్వు కుప్పం పోయినాక, ఎ సెక్షన్ నేనే కొట్టేద్దామని కంప్యూటరు తెరిచినా. పైన పసుపు పట్టీ మీద ఏం రాసిండారో సదివినా. భద్రత కోసం స్క్రిప్టు ఆపినాము, కావాలంటే ఈడ నొక్కండి అని ఉండాది. నొక్కినా. నడవనిమ్మంటారా అని అడిగె. నడవనిమ్మంటి. నడిచె."

"అంతేనా!"

"అంతే. బి సెక్షన్ మొత్తం మళ్ళీ కొట్టి చూస్తే ఈ బిడ్డి టోటల్ ఒక్కటే తప్పు. దాంతో జరిగిన ర్యాంకులు సోమవారం దిద్దాల. నేనే మేడం దగ్గరికి పోయి దిద్దించుకోనొస్తి. వాళ్ళను ఇంటికి రమ్మని కబురంపింది కూడా నేనే. నీ నోటితో నువ్వు చెప్తావో లేదో సూద్దామని."

"చెప్పినా కదా!"

"చెప్పినావు. అందుకే అన్నం పెడతాండా. అవునూ, మూడు గంటల ప్రాసెసింగ్ అన్నావే, నేను బటన్ మీదినుంచి వేలు తీసేలోపల టోటల్ వచ్చేసిందప్పా."

కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. చూడదగ్గదేమీ లేదు అక్కడ.

భోజనాలయ్యాక ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుంది. నాకు ఎదురుగా స్టూలు వేసి, సి సెక్షన్ కట్టా, పెన్సిలూ ఇచ్చింది. నేను చేత్తో కూడి చెప్పాలి, ఆవిడ మిషన్‌తో సరిచూడాలి. రెండూ కలిస్తేనే కార్డు మీద ఎక్కుతుంది.

"మూడువందల నలభై ఆరు" అన్నాను.

"ఊ."

"రెండువందల తొంభై."

"ఊ."

"నాలుగు వందల ఐదు."

ఊ రాలేదు. తల ఎత్తి చూశాను. ఆవిడ తెరవైపే చూస్తూ, చాలా మర్యాదగా అంది:

"మళ్ళీ కూడప్పా."