గుండె చప్పుడుకు తాళం

ఆ ఉదయం పెద్దాయన చేయవలసిన పని ఒక్కటే. చేతికి కొత్త వాచీ పెట్టుకుని మధ్యాహ్నం దాకా కుదురుగా కూర్చోవాలి. ఆయన గుండె కొట్టుకునే తీరును వాచీ ఇంటి వైఫై మీదుగా డాక్టరుకు పంపుతుంది. అంతా సవ్యంగా ఉంటే, రెండు నెలలుగా మూతపడిన ఆయన తాళాల షాపు తెరుచుకోవచ్చు. గుండెపోటునైనా ఓర్చుకున్నాడు గానీ, షాపు మూతపడటాన్ని ఓర్చుకోలేకపోతున్నాడు.

"వాచీని నేను నెట్‌కి కలుపుతాను మామయ్యా," అంది కోడలు.

"ఊరందరి ఇళ్ళకీ తాళాలు బిగించినవాణ్ణి, నా ఇంటికి నేను వేసుకోలేనా అమ్మా?" అంటూ ఆయన ఫోనులో వైఫై సెట్టింగులు తెరిచాడు.

పాత పాస్‌వర్డు చూసి నివ్వెరపోయాడు. మనవరాలి ముద్దుపేరు, పక్కన ఒకటి, రెండు, మూడు. ఛాతీలో నొప్పిని ఇంట్లోవాళ్ళకే చెప్పకుండా దాచుకున్న మనిషి, తన గుండె చప్పుడును అంత పలచటి తలుపు వెనక వదిలేస్తాడా? బారెడు పాస్‌వర్డు ఒకటి పెట్టి, వాచీకి చెప్పాడు. కింద ఇంకో సదుపాయం కనిపించింది. 'అనుమతి ఉన్న పరికరాలకే ప్రవేశం.' ఆయనకు ముచ్చటేసింది. వాచీ ఎదురుగా టిక్కు పెట్టి, 'సరే' నొక్కాడు. తన ఫోనుకు టిక్కు పెట్టాలని తోచలేదు. తాళం వేసేవాడు ఎప్పుడూ బయట నిలబడే వేస్తాడు కదా, ఆ అలవాటు. తాళం వేశాం, గొళ్ళెం మరిచాం అంటారు. ఈయన రెండూ వేసి, ఇంటిల్లిపాదినీ బయట మరిచాడు.

ముందుగా కొడుకు గదిలోంచి వచ్చాడు. "నాన్నా, మా బాసు 'నీ విషయంలో ఒక నిర్ణయం తీసుకున్నాం' అన్నాడు. అదేమిటో చెప్పేలోపు నెట్ పోయింది."

కోడలి ఫోనులోనూ నెట్ లేదు. పెద్దాయన ఫోనులోనూ లేదు.

"అంటే వాచీ కూడా ఏమీ పంపడం లేదన్నమాట," అన్నాడాయన. పాస్‌వర్డు కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. వైఫై పెట్టెను ఆపాడు, వేశాడు. దాని వెనక తీగలన్నీ పీకి మళ్ళీ గుచ్చాడు.

"కాస్త కూర్చోండి మామయ్యా."

"ఎలా కూర్చోమంటావు? రిపోర్టు అందకపోతే డాక్టరు షాపు ఇంకో రెండు నెలలు మూసుకోమంటాడు."

అంతలో ఎదురింటి ట్యూషన్ టీచరు గుమ్మంలోకి వచ్చింది. "బాబాయిగారూ, మీ నెట్ పోయిందా? పాఠం మధ్యలో పిల్లలందరూ మాయమైపోయారు."

"మా నెట్‌తో నీకేం పనమ్మా?"

టీచరు కోడలి వంక చూసింది. కోడలు పైకప్పు వంక చూసింది. సరిగ్గా అప్పుడే టీచరు ఇంటి తలుపు గాలికి దభాలున పడి, దానంతటదే తాళం పడిపోయింది. తాళంచెవి లోపలే ఉంది. పొయ్యి మీద పాలున్నాయి.

పెద్దాయన లోపలికెళ్ళి తన పనిముట్ల సంచి తెచ్చాడు. సంచిలోంచి రెండు సన్నటి ఇనుప పుల్లలు తీసి, ఆ తలుపు ముందు కూర్చుని, తాళానికి చెవి ఆనించాడు. షాపు, డాక్టరు, నెట్, అన్నీ మరిచిపోయాడు. తండ్రి ముఖంలో అంత నెమ్మది చూసి చాలా రోజులైందని కొడుక్కి అనిపించి, దిగులేసింది. తలుపు తెరుచుకునేసరికి పాలు పొంగి పొయ్యి నిండా పారాయి.

"మనం కంగారుపడితే తాళం మాట వినదమ్మా," అన్నాడు పెద్దాయన లేస్తూ.

ఇంట్లోకి వచ్చేసరికి డాక్టరు ఫోను. కొడుకు తీసి స్పీకరు పెట్టాడు. "క్షమించండి డాక్టరుగారూ, నెట్ పోయి రిపోర్టు అందలేదు..."

"అందకపోవడమేమిటి? పొద్దున్నుంచీ వస్తూనే ఉంది. అసలేం చేయిస్తున్నారు ఆయనతో? గుండె ఒకటే పరుగు."

నెట్ పోలేదని అప్పుడు తెలిసింది. వాచీ ఒక్కటే హాయిగా లోపల ఉంది. మిగతావాళ్ళందరూ గడప బయట ఉన్నారు.

"అయితే షాపు పోయినట్టే," అన్నాడు పెద్దాయన, గోడకు చేరగిలబడి.

"ఒక్క సందేహం," అంది ఫోను. "మధ్యలో కాసేపు గుండె చాలా నిమ్మళంగా ఉంది. అప్పుడు నిద్రపోయారా?"

"లేదండీ, ఎదురింటి తాళం తీశారు," అన్నాడు కొడుకు.

"అయితే ఇంట్లో ఉంచకండి. షాపుకు పంపించేయండి," అన్నాడు డాక్టరు.

పెద్దాయన కళ్ళు చెమర్చాయి. ఈసారి ఎవరి దగ్గరా దాచుకోలేదు. చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగాడు.

ఆ ఇంటి నెట్‌లో అడుగుపెట్టే హక్కున్న ఒకే ఒక్క వస్తువు ఆయన చేతికే ఉండి, ఆయనతో పాటు షాపుకు వెళ్ళిపోయింది.