పల్లి పీకడానికి ఒక యూనిట్ కావాలి

ఏమయ్యా, ఓ ఇస్త్రీ చొక్కా బాబూ! నిన్నే! సినిమా అయిపోయి తెర మీద పేర్లు పడటం మొదలవగానే, పెళ్ళిలో బంతి లేచినట్టు లేచి బండి దగ్గరికి పరుగెత్తేది నువ్వే కదా? పైగా మర్నాడు చాయ్ హోటల్లో కూర్చుని, "ఒక్క సినిమాకు అన్ని పేర్లెందుకు? సగం మంది దండగ" అని తీర్పు కూడా చెబుతావు!

సిగ్గుగా లేదూ?

రాసిపెట్టుకో. ఈ లోకంలో ఏ పనైనా పనిలా జరగాలంటే కావలసినదానికన్నా ఓ డెబ్బై మంది ఎక్కువ ఉండాల్సిందే. ఒక్క పనిని ఒక్క మనిషే చేసుకుపోవడం మొరటుతనం. అడవిలో పులి చేస్తుంది అలా! తానే వెతుక్కుంటుంది, తానే వేటాడుతుంది, తానే తింటుంది. అందుకే కదా మన్ననూర్ దగ్గర చెక్‌పోస్టు పెట్టి మరీ దాన్ని కాపాడాల్సి వస్తోంది?

నేను ఏడో తరగతి ఒకటికి రెండుసార్లు చదివిన మనిషిని. తెలియకుండా మాట్లాడను.

ఈ జ్ఞానోదయం నాకు మొన్న మాఘమాసంలో అయింది. పెద్దమందడి పక్కనే మా ఊరు. ఓ పొద్దున లేచి చూస్తే బడి ముందు నుంచి రోడ్డు దాకా వ్యాన్లే వ్యాన్లు! హైదరాబాదు నుంచి సినిమా యూనిట్ దిగింది. పాటలూ ఫైట్లూ ఉండే సినిమా కాదు, ఏడుపు సినిమా. ఒక రైతు, అతని పల్లిచేను, అతని కన్నీళ్ళు. అంతే కథ. ఏడ్చేది ఒక్కడే. ఏడిపించడానికి మాత్రం ఊరంత జనం!

చూడాలి ఆ పనితనం! ఎండను అద్దంతో పట్టి హీరో ముఖం మీద కొట్టేవాడొకడు. ఆ ఎండ మరీ ఎక్కువైందని నల్లగుడ్డ అడ్డం పెట్టేవాడు ఇంకొకడు. హీరోకు చెమట పడితే తుడిచేవాడొకడు. వాడు తుడవగానే సీసాలో నీళ్ళు తెచ్చి చెమట చల్లేవాడు మరొకడు! ఒకడు చేసింది ఇంకొకడు చెడగొడుతున్నా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఇడ్లీ తింటారు. పగ లేదు, పంతం లేదు. గట్టు జరిగిందని అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవద్దూ?

"సైలెన్స్!" అని అరవడానికే ఒక మనిషిని పెట్టారు. ఆయన మొదటిసారి అరిచినప్పుడు మా బర్రె తాడు తెంపుకుంది.

బట్టల మనిషి పనితనం ఇంకా గొప్పది. కొత్త చొక్కా తెస్తాడు. బండకేసి రుద్దుతాడు. చాయ్ నీళ్ళలో ముంచుతాడు. మోచేతి దగ్గర చింపి, మళ్ళీ కుడతాడు. అప్పుడది రైతు చొక్కా! ఓ రోజు నన్ను చూసి ఆగిపోయాడు. నా చొక్కాను వేళ్ళతో పట్టి చూసి, "బాబాయ్, ఈ లుక్ ఎలా తెచ్చారు?" అని అడిగాడు. "తొడిగి తెచ్చిన బాబూ" అన్నాను. ఎంత ఆశ్చర్యపోయాడో! ఆ పద్ధతి ఆయనకు తెలియదు.

అన్నిటికీ మించి యాస మాస్టారు. మా ఊరివాళ్ళకు మా ఊరి మాట నేర్పడానికి వచ్చిన మహానుభావుడు! మా కూలీలకు మేస్త్రి జమ్ములమ్మ. ఆమె చెయ్యెత్తితే పాతిక మంది ఆడవాళ్ళు కొడవళ్ళతో కదులుతారు. అలాంటి మనిషికి సినిమాలో ఒక డైలాగ్ దొరికింది. "వాన వొచ్చేతట్టు లేదయ్యా" అంది ఆమె, పుట్టినప్పటి నుంచి అంటున్నట్టే.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "అలా కాదమ్మా. పాలమూరు యాసలో చెప్పాలి."

"నాది పాలమూరే గద సార్."

"తెలుస్తోందమ్మా. కానీ సరిపోవడం లేదు. 'గీ వాన గిట్ల గాదు గదనే' అనాలి."

"గట్ల మా ఊర్ల ఎవ్వరు మాట్లాడరు సార్."

"సినిమాలో మాట్లాడతారు!"

ఆమె సాధన చేసింది. ఇంట్లో కూడా అలాగే మాట్లాడితే వాళ్ళత్త భయపడి నిమ్మకాయ తిప్పి పారేసింది.

ఇప్పుడు చెప్పు బాబూ, ఇంతటి వ్యవస్థ దండగా? మా ఇంటి సంగతి చూడు. వంట, బర్రెలు, బోరు, చేను, నా గొణుగుడు, అన్నిటికీ ఒక్క రేణుకమ్మే! మా ఆవిడ. గొడుగు పట్టేవాడు లేడు, చెమట తుడిచేవాడు లేడు, "సైలెన్స్" అనేవాడసలే లేడు. ఎంత వెనకబడిపోయాం!

సరే, ఈ మహాయజ్ఞం మధ్యలో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. చాలా చిన్నది. నా చేను.

నాదీ పల్లిచేనే, వేరుశనగ. పంట చేతికొచ్చింది. కానీ బోరు సన్నబడింది, ఎర్రనేల రోజురోజుకూ బిగుస్తోంది. నేల బిగిస్తే ఏమవుతుంది? పట్టి లాగితే పైన ఉన్న కట్టె, బర్రెలు మేసేది, మాత్రం చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. ఆ నాలుగు రోజుల్లో పీకితే పంట, లేకపోతే ఎలుకలకు విందు. ఊరంతా తిరిగి, చివరికి జమ్ములమ్మ దగ్గరికి పోయాను.

"జమ్ములమ్మా, నేల గట్టిపడ్తుంది బిడ్డా. రేపన్న రాండ్రి జర."

"యాడొస్తం మామా? షూటింగ్ల ఉన్నం గద."

"ఏం జేస్తుండ్రు ఆడ?"

"పల్లి పీకుతున్నం."

"ఎవరి పల్లి?"

"ఎవరిదీ గాదు. పీకిన కట్టెను సెట్టింగోల్లు మల్ల నేలల గుచ్చుతరు. మేము మల్ల పీకుతం. పొద్దుందాక గదే పని."

"అరె, గా పీకేదేదో నా చేన్ల పీకరాదా?"

"నీ చేన్ల పీకితే నెత్తి మీద ఎండ. ఆడ పీకినట్టు జేస్తే నెత్తి మీద గొడుగు. నువ్వే జెప్పు జంగయ్య మామా, యాడికి పోవాలె?"

న్యాయమైన మాట! రైతు కష్టం మీద సినిమా. రైతు కష్టం ఏమిటయ్యా అంటే కూలీలు దొరకకపోవడం. కూలీలేమయ్యారయ్యా అంటే ఆ కష్టంలో నటించడానికి పోయారు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

కానీ నేను ఊరుకునే రకమా? చిన్నప్పుడు హెడ్మాస్టరు కుర్చీకి జీడిరసం పూసిన చెయ్యి ఇది. తిన్నగా డైరెక్టర్ దగ్గరికి పోయాను. పేరు చంద్రశేఖర్. గడ్డం ఉంది, నవ్వు లేదు.

"సార్, ఒక మాట. గుచ్చిన కట్టె పీకితే సప్పుడు రాదు. నేలల ఏర్లు దిగింది పీకితే చర్రుమంటది. మీ సినిమా చూసినోడు పల్లి అనుకోడు, కొత్తిమీర కట్ట అనుకుంటడు."

చెవులకు డిప్పలు పెట్టుకున్న సౌండ్ మనిషి అవి తీసి, "కరెక్ట్ సార్" అన్నాడు. డైరెక్టర్ కళ్ళు మూసుకుని, దేవుడు కనిపించినట్టు, "రియలిజం!" అన్నాడు.

మర్నాటికి యూనిట్ మొత్తం నా చేనులో ఉంది!

హీరో ముందు, జమ్ములమ్మ గుంపు వెనక. "యాక్షన్!" అనగానే వరుసంతా వంగి పీకుతుంది. చర్ర్! చర్ర్! నా చెవులకు సన్నాయి! "కట్! ఓకే" అంటే పని అయిపోతుంది కదా? కానివ్వకూడదు. టేకు పాడైతే మళ్ళీ పీకాలి. పీకినచోట మళ్ళీ పీకలేరు కాబట్టి పక్క సాళ్ళకు జరగాలి. ఎంత చక్కని పద్ధతి!

కాబట్టి మొదటి టేకులో నాకు దగ్గొచ్చింది. రెండోదానిలో తుమ్మపొద వెనక కౌజుపిట్ట కూసింది. ఆ పిట్టను నేనే. ఆ తర్వాత నా ఫోన్ మోగింది. ఆ తర్వాత పక్క చేను మేకలకు సినిమా మీద మోజు పుట్టింది. ఒకసారైతే హీరో కళ్ళలో నీళ్ళు తిరిగి పెదవి వణికే క్షణంలో కెమెరా ముందుకే నడిచిపోయి, "బాబూ, టైమెంతైంది?" అని అడిగాను.

"ఎవర్రా ఆ ముసలాయన!" అని అరిచాడు సైలెన్స్ మనిషి.

"చేను ఆయనదే సార్" అన్నారెవరో. చేను యజమానిని ఏమంటారు? "వన్ మోర్!" అన్నారు.

వన్ మోర్! ఇంగ్లీషులో ఇంతకన్నా తియ్యని మాట ఉందా? రెండు మూడు రోజుల్లో నా చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పీకేశారు. నడుమ లైటు కోసం, మబ్బు కోసం, హీరో మూడ్ కోసం గంటలకు గంటలు ఆగేవారు. ఆ వేళల్లో కూలి ఆడవాళ్ళు దూరంగా వేపచెట్ల కింద కూర్చునేవారు. నేను మాత్రం పొద వెనక నుంచి కదల్లేదు. నా డ్యూటీ నాది.

చివరి రోజు సాయంత్రానికి చేను మధ్యలో కుప్ప వేశారు. మనిషెత్తు కుప్ప! దాని చుట్టూ తిరుగుతూ మీసం దువ్వుకుంటున్నాను. సెట్టింగుల అబ్బాయి అరవింద్ వచ్చాడు.

"బాబాయ్, ఈ కుప్పంతా ప్రాపర్టీయే కదా?"

"మరేమనుకున్నవ్? మా తాత కాలం నుంచి మా ప్రాపర్టీ!" అని రొమ్ము విరిచాను.

"అయితే వాడేస్తున్నాం" అని వెళ్ళిపోయాడు. వాడుకోనీ, ఫొటోనే కదా తీసేది అనుకున్నాను. రేణుకమ్మకు నా ప్రతాపం చూపించాలని ఇంటికి పరుగెత్తాను. "రాయే, వొచ్చి సూడు! పట్నపోల్లతోని పల్లి పీకిపిచ్చిన!" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె వింతగా నవ్వుతూ వచ్చింది. మెచ్చుకోలనుకున్నాను.

గట్టెక్కి చూస్తే హీరో చేతిలో కాగడా!

"ఏందిది? ఏం జేస్తుండు గాయిన?"

పక్కనున్న టచప్ అబ్బాయి, అదే హీరో చెమట తుడిచేవాడు, నెమ్మదిగా చెప్పాడు. "క్లైమాక్స్ బాబాయ్. రైతు విరక్తితో పంటకు నిప్పు పెట్టేస్తాడు."

"అది నా పంట!"

"ప్రాపర్టీ అన్నారుగా? మా భాషలో ప్రాపర్టీ అంటే సీన్లో వాడే సామాను. పగలగొడతాం, తగలబెడతాం."

చదువు తక్కువైతే ఇలాగే ఉంటుంది! నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఒకటి నన్నే కాటేసింది. తర్వాతేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. చెప్పులెక్కడ పోయాయో తెలియదు. అరుస్తూ పరుగెత్తాను. కుప్ప మీద బోర్లా పడ్డాను. రెండు చేతులూ చాచి దాన్ని వాటేసుకుని, "ఒద్దు సారూ, ఒద్దు! ఏడాది కష్టం సారూ!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కాగడా పట్టుకున్న హీరో డైలాగ్ మర్చిపోయి నా వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఎవరూ "కట్" అనలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది.

తర్వాత చప్పట్లు. తలెత్తి చూస్తే అద్దం పట్టేవాడు, గుడ్డ పట్టేవాడు, చెమట చల్లేవాడు అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. డైరెక్టర్ వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"బాబాయ్, సింగిల్ టేక్! క్లైమాక్స్ మార్చేశాను. రైతు తండ్రి వచ్చి అడ్డంపడతాడు."

"కథలో రైతుకు తండ్రి లేడు కదా సార్?" అన్నాడు అరవింద్.

"ఇప్పుడే పుట్టాడు" అన్నాడు డైరెక్టర్.

నేనింకా కుప్పను వదల్లేదు. జమ్ములమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగడం లేదు.

"లే మామా. దేన్ని పట్టుకున్నవో జర సూస్కో."

చూసుకున్నాను. కుప్ప లోపలికంటా దిగిన చేతిలో పల్లికట్టె ఉంది. కాయ లేదు. లోపలి నుంచే ఇంకొకటి లాగాను. కాయ లేదు!

"కాయ ఏమైందే?"

"లైటొచ్చేదాక చేతులు ముడుసుకోని కూసుంటమా? చెట్ల కింద కూసోని తెంపినం. షూటింగోల్ల అన్నాల బండి ఖాళీగ ఊర్లెకు పోతుంటే దాంట్లేసి రేణుకమ్మత్త కాడికి తోలినం. కుప్పకు నిప్పు పెడ్తరని సెట్టింగోల్లు ముందుగాల్నే అనుకుంటుండ్రి. ఎవ్వరికి ఎరుక గాకుండ మీద మీద నాలుగు కాయకట్టెలు పరిచినం, కంటిన్యూటీకి!"

రేణుకమ్మ వైపు తిరిగాను. "నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"మరి నాకు జెప్పొద్దా?"

"నీకు జెప్తె మైకుల జెప్పినట్టే గదయ్యా. పల్లి ఇంట్ల ఉంది. లేసి మొకం కడుక్కో."

బాబూ, ఇస్త్రీ చొక్కా బాబూ, ఇక నీ సంగతి. రేపో మాపో ఆ సినిమా వనపర్తికో గద్వాలకో వస్తుంది. నువ్వు పోతావు. చివర్లో ఒక ముసలాయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి కుప్ప మీద పడతాడు. పక్కవాడు చూడకుండా ముక్కు తుడుచుకుంటావు. "రైతు గుండెకోత అంటే ఇది!" అని చాయ్ హోటల్లో చెబుతావు.

చెప్పుకో. కానీ నేల బిగుస్తోందని, ఒక్క మనిషైనా రండమ్మా అని, నేను ఇంటింటి ముందూ నిలబడిన రోజొకటి ఉంది. ఆ రోజు కూడా నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు కెమెరా లేదు, అద్దం పట్టేవాడు లేడు, చప్పట్లూ లేవు. నువ్వు డబ్బు పెట్టి టికెట్ కొని చూసేది ఆ ఏడుపు కాదు నాయనా.

నువ్వు చూసేది బర్రెల మేత కోసం ఏడ్చింది!